పలక మీది పాఠం ఎవరు ఎంచారు?

గోదావరి జిల్లాల బడుల్లోకి కంప్యూటరు ఎలా వచ్చిందో రాద్దామని కూర్చుంటే ఆలోచన రెండు వందల ఏళ్లు వెనక్కి పోయింది. ఒక జిల్లాలోని పిల్లలందరికీ ఏది నేర్పాలి, ఏ పుస్తకంతో నేర్పాలి, దానికి డబ్బు ఎవరు పెట్టాలి, ఆ నిర్ణయం ఎవరిది అన్న ప్రశ్నలు కంప్యూటరుతో పుట్టినవి కావు. ఈ ప్రశ్నలకు మన డెల్టా ప్రాంతం ఒక్కొక్క కాలంలో ఒక్కొక్క జవాబు చెప్పుకుంది. ఆ జవాబులలో కొన్ని చాలా గట్టివి. కంప్యూటరు దగ్గరికి వచ్చేసరికి మాత్రం మనం అసలు జవాబే చెప్పలేదని నా అభిప్రాయం. అది ఎందుకో చూడాలంటే ముందు పాత సంగతి చెప్పాలి.

1822 జూన్‌లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో తన కలెక్టర్లందరికీ ఒక ఆదేశం పంపాడు. మీ మీ జిల్లాల్లో బడులెన్ని, చదివేవారెందరు, ఏ కులాలవారు, ఏమేం చదువుతున్నారు అని. రాజమండ్రి జిల్లా కలెక్టరు ఎఫ్. డబ్ల్యూ. రాబర్ట్‌సన్ 1823 సెప్టెంబరులో జవాబిచ్చాడు. జిల్లాలో 291 బడులు, 2,658 మంది విద్యార్థులు. వేదశాస్త్రాలు చెప్పే పాఠశాలలు వేరుగా 279, వాటిలో చదివేవారు 1,454 మంది. గాంధేయవాది ధరంపాల్ ఈ నివేదికలన్నిటినీ వెలికితీసి 1983లో అచ్చువేశారు కనుక ఇవాళ ఎవరైనా చదువుకోవచ్చు. జిల్లా జనాభా అప్పటికి 7,38,308. అంటే బడికి వెళ్లే పిల్ల వెయ్యింటికి నలుగురికి మించదు. ఆ 2,658 మందిలో ఆడపిల్లలు 37 మంది. మన పాత బడులు బంగారు బడులని మురిసిపోయేవారు ఈ అంకె దగ్గర కాస్త ఆగాలి.

అయితే రాబర్ట్‌సన్ ఇంకొక పని కూడా చేశాడు. జిల్లాలోని తెలుగు బడుల్లో చదివే పుస్తకాల పట్టీ జతచేశాడు. 43 పేర్లున్నాయి. దాశరథీ శతకం, సుమతీ శతకం, భాస్కర శతకం, మొల్ల రామాయణం, వసుచరిత్ర, మనుచరిత్ర, విజయవిలాసం, గజేంద్రమోక్షం, కుచేలోపాఖ్యానం, అమరం, ఆంధ్రనామసంగ్రహం. ఆ ఇంగ్లీషు వర్ణక్రమం చూస్తే నవ్వొస్తుంది. దొరగారి గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకుపోయాడు. కొన్ని పేర్లు ఏ పుస్తకానివో గుర్తుపట్టడానికే బుర్ర గోక్కోవాలి. ఆ పట్టీలో రెండు గణితాలున్నాయి. ఒకటి ఉత్త గణితం. రెండోది పావులూరి గణితం.

ఇది సామాన్యమైన సంగతి కాదు. పావులూరి మల్లన రాజమహేంద్రవరం ఏలిన రాజరాజనరేంద్రుని కాలంవాడని కొందరు పండితులు, కాదు ఆ రాజు దగ్గర పిఠాపురం సీమలో నవఖండవాడ అగ్రహారం పొందినది ఈయన తాత, కవి ఆయన మనుమడు అని మరికొందరు. ఎలా లెక్కవేసినా పదకొండు, పన్నెండు శతాబ్దాల మాట. తొమ్మిదో శతాబ్దంలో రాష్ట్రకూటుల నాట మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన గణితసారసంగ్రహాన్ని ఈయన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. తెచ్చేటప్పుడు మక్కికి మక్కి దింపలేదు. కొంత తీసివేశాడు, తనవైన లెక్కలు కొన్ని చేర్చాడు. అంటే పరభాషలోని ఒక శాస్త్రగ్రంథాన్ని తన నేల మీద నేర్చుకునేవాడికి అందేట్టు మలిచిన పాఠ్యపుస్తక రచయిత అన్నమాట. ఆ పుస్తకం పుట్టిన సీమలోనే ఏడెనిమిది వందల ఏళ్ల తరువాత కూడా బడిలో చెబుతున్నారని 1823 నాటి తెల్లదొర కాగితం సాక్ష్యం చెబుతోంది. అంతకాలం నిలిచిన పాఠ్యపుస్తకం ప్రపంచంలో ఎన్ని ఉంటాయి?

పావులూరి పేరు మీద ప్రసిద్ధమైన పద్యం ఒకటుంది. చదరంగపు బల్ల మీద మొదటి గడిలో ఒకటి, తరువాతి గడిలో రెండు, ఆ తరువాత నాలుగు, ఇలా అరవై నాలుగు గడులూ రెట్టిస్తూ పోతే మొత్తం ఎంత అన్నది విషయం. జవాబును భూతసంఖ్యల్లో చెప్పాడు. చంద్రుడంటే 1, వేదాలంటే 4, మన్మథుని బాణాలు 5, ఆకాశం సున్న. అంకెలను ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు పేర్చుకుంటూ పోతే 18446744073709551615 వస్తుంది. కంప్యూటరు పని తెలిసినవారు ఈ సంఖ్యను చూడగానే గుర్తుపడతారు. అరవై నాలుగు బిట్ల గూటిలో ఇమడగల గరిష్ఠ సంఖ్య ఇదే. ఒక్కొక్క గడి ఒక్కొక్క బిట్టు. అన్ని గడులూ నిండితే వచ్చే మొత్తం అది. మల్లనకు కంప్యూటరు తెలుసని చెప్పడం నా ఉద్దేశం కాదు, అటువంటి గొప్పలకు నేను దూరం. నా ఆశ్చర్యమల్లా ఒక్కటే. ద్విసంఖ్యామానం నేర్పడానికి ఇంతకంటే చక్కని మొదటి పాఠం ఉండదు కదా, తెలుగుదేశంలో కంప్యూటరు పాఠాలు రాసినవారిలో ఒక్కరికైనా ఇది గుర్తుకు రాలేదేమి?

1823 నాటి పట్టీని ఏ సంఘమూ ఎంపిక చేయలేదు. ఊరి పంతులుకు ఏది వస్తే అది, ఇంట్లో ఏ తాళపత్రం ఉంటే అది. ఒక పద్ధతంటూ లేని ఏర్పాటు. తరువాత వచ్చినది పద్ధతి గల ఏర్పాటు, అది మొదలైనది కూడా ఇక్కడే.

ధవళేశ్వరం ఆనకట్ట 1852కి పూర్తయింది. కాలవల వెంట పంట పెరిగింది, రైతు చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి. ఆ రోజుల్లో జి. ఎన్. టైలర్ అనే సబ్‌కలెక్టరు నరసాపురం కేంద్రంగా బడులు పెట్టించాడు. నరసాపురంలో, పాలకొల్లులో, ఆచంటలో, పెనుగొండలో. ఊళ్లల్లో కూడా బడులు కావాలని రైతులు శిస్తుతో పాటు కొంత అదనంగా చెల్లించడానికి ఒప్పుకున్నారు. 1850ల మధ్యభాగం సంగతి ఇది. మద్రాసు రాజధానిలో పన్ను కట్టి ఊరుమ్మడిగా బడులు నడుపుకున్న తొలి ప్రాంతాలలో గోదావరి ఒకటి. ఈ వసూలుకు చట్టం ఆధారం లేదు కనుక 1863లో మద్రాసు విద్యాచట్టం తెచ్చారు. ఆ చట్టానికి ముఖ్యమైన ప్రేరణ గోదావరి బడులే. రైతులు నిజంగా ఇష్టపడి ఇచ్చారా, దొర అడిగాడు కనుక తల ఊపారా అన్న అనుమానం ఆనాటి అధికారులకే ఉండేది. నాకూ ఉంది. అయినా కట్టినవాడు కట్టాడు. నరసాపురంలో టైలర్ పేరున్న ఉన్నత పాఠశాల ఆ కాలపు గుర్తు.

డబ్బు కట్టినవాడికి పాఠం మీద అధికారం దొరికిందా అంటే అంతగా దొరకలేదు. పుస్తకాలు మద్రాసులో ఆమోదం పొందాలి. కానీ మాట్లాడే హక్కు ఒకటుందని మనవాళ్లు గుర్తించారు, దాన్ని బాగా వాడుకున్నారు. కందుకూరి వీరేశలింగం గారు కోరంగిలో, ధవళేశ్వరంలో బడిపంతులుగా చేసినవారు. పిల్లలకు ఏ పుస్తకం కావాలో బడిలో నిలబడి తెలుసుకొని, ఆ పుస్తకం లేకపోతే తానే రాసిన మనిషి. ఆయన తరువాత ఇరవయ్యో శతాబ్దం మొదట్లో జె. ఎ. యేట్స్ అనే ఇంగ్లీషు దొర ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చాడు. పిల్లల పుస్తకాల్లోని భాషకూ పిల్లల నోటి భాషకూ ఇంత దూరమెందుకని అడిగాడు. ఆ ప్రశ్న గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు గార్లను కదిలించింది. అవతలి పక్షంలో కోనసీమ ముక్తేశ్వరం నుంచి వచ్చిన జయంతి రామయ్య పంతులు గారు 1911లో ఆంధ్రసాహిత్య పరిషత్తు పెట్టి ఎదురు నిలిచారు. సభలు, కరపత్రాలు, విన్నపాలు, పత్రికల్లో వాదోపవాదాలు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం రాశారు. మొదట గ్రాంథికం వైపున్న వీరేశలింగం గారు చివరికి మనసు మార్చుకొని 1919లో రాజమండ్రిలో ఏర్పడిన వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజానికి అధ్యక్షులయ్యారు. అదే ఏడు మే నెలలో పోయారు.

ఇందులో ఎవరిది న్యాయమన్నది ఇక్కడ నాకు అవసరం లేదు. చూడవలసినదల్లా ఆ పట్టుదల. చేయుచున్నాడు అని రాయాలా, చేస్తున్నాడు అని రాయాలా అన్న ఒక్క క్రియాపదం కోసం దశాబ్దం పాటు పెద్దలు నిద్ర మానుకొని పోట్లాడారు. బడిలో పిల్లవాడి ముందు తెరిచే పేజీలో ఏముండాలన్నది ఊరందరి విషయమని వాళ్లు నమ్మారు. ఈ నమ్మకం తరువాతి కాలంలో ఎక్కడ జారిపోయిందో చెప్పడం కష్టం. జిల్లా బోర్డులు పోయి 1959లో జిల్లా పరిషత్తులు వచ్చాయి. పాఠ్యపుస్తకాలు ప్రభుత్వమే అచ్చువేయడం మొదలైంది. చవకగా, అందరికీ ఒకటే. అది మంచి పనే. కానీ పుస్తకం ఎంచుకునే పని ఊళ్లోంచి పోయాక పుస్తకం గురించి మాట్లాడుకునే అలవాటు కూడా మెల్లగా పోయింది.

ఇక కంప్యూటరు.

1984లో కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ శాఖ, విద్యాశాఖ కలిసి క్లాస్ అనే పథకం పెట్టాయి. పాఠశాలల్లో కంప్యూటరు అక్షరాస్యత, అధ్యయనం అని దాని అర్థం. దేశమంతటా దాదాపు 250 బడులతో ఆరంభించి తరువాతి ఏళ్లలో రెండున్నర వేల బడుల దాకా విస్తరించారు. ఎంచుకున్న యంత్రం బీబీసీ మైక్రో. ఇంగ్లండులో ఏకార్న్ అనే కంపెనీ తయారుచేసినది. ముప్పై రెండు కిలోబైట్ల జ్ఞాపకశక్తి, మీట నొక్కగానే బేసిక్ భాష సిద్ధం. ఆ రోజులకు చాలా మంచి యంత్రం, దాన్ని తప్పుపట్టేవారు తక్కువ.

కానీ ఆ యంత్రం పుట్టుక తెలుసుకోవాలి. ఇంగ్లండులో బీబీసీవారు ముందు అనుకున్నది యంత్రం గురించి కాదు. ప్రజలకు కంప్యూటరు అంటే ఏమిటో చెప్పాలి, దానికి టెలివిజన్ పాఠాలు కావాలి, తోడుగా పుస్తకం కావాలి, ఆ పాఠాలు ఇంట్లో చేసి చూసుకోవడానికి తగిన యంత్రం ఒకటి కావాలి. ఈ క్రమంలో ఆలోచించి, ఆ యంత్రానికి ఏమేం లక్షణాలుండాలో రాసి, కంపెనీలను అడిగారు. 1981 డిసెంబరులో యంత్రం వచ్చింది, 1982 జనవరిలో పాఠాలు ప్రసారమయ్యాయి. పాఠం కోసం పెట్టె చేయించారు. మనం ఆ పెట్టెను కొన్నాము. పెట్టెతో పాటు వాళ్ల ఊరి పిల్లల కోసం తయారైన సరంజామా కూడా వచ్చింది. తెలుగు బడిలో చదివే పిల్లవాడికి అందులో ఏం దొరుకుతుందన్న ప్రశ్న ఢిల్లీలో ఎవరికీ రాలేదు. రావాలని కూడా లేదు, అది వాళ్ల పని కాదు. మన పని.

క్లాస్ పథకం చేరిన బడులే తక్కువ. మా ప్రాంతంలో సామాన్యుడికి కంప్యూటరు పరిచయమైనది రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో మేడ మీద గదుల్లో వెలసిన ప్రైవేటు శిక్షణాలయాల ద్వారా. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. చల్లగా ఉండేది. మూడు నెలలకు ఇంత, ఆరు నెలలకు ఇంత అని రుసుము. అవి బడులు కావు, ఉద్యోగానికి మెట్లు. కంప్యూటరు అంటే డబ్బు పెట్టి నేర్చుకొని ఊరు విడిచిపోవడానికి పనికివచ్చే విద్య అన్న భావం అక్కడే స్థిరపడిందని నేననుకుంటాను. హైదరాబాదు, అమెరికా కబుర్లు దానికి తోడయ్యాయి. 1990ల చివరికి డెల్టాలో పొలం అమ్మి కొడుకును కంప్యూటరు చదివించిన తండ్రులు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. జిల్లా పరిషత్తు బడి పిల్లవాడికి మాత్రం ఆ చల్లని గది అద్దం బయటనుంచి చూసే వస్తువే.

2002 ప్రాంతంలో రాష్ట్ర ప్రభుత్వం సుమారు వేయి ఉన్నత పాఠశాలల్లో కంప్యూటరు విద్య ప్రారంభించింది. 2004 డిసెంబరులో కేంద్రం బడుల్లో సమాచార సాంకేతికత అనే పథకం తెచ్చింది. దాని కింద 2008లో ఆంధ్రప్రదేశ్‌లో 5,000 ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చారు. పద్ధతి పేరు బూట్. కంపెనీ తన ఖర్చుతో గది అమర్చి, యంత్రాలు పెట్టి, బోధకులను నియమించి, అయిదేళ్లు నడిపి, చివర యంత్రాలను బడికి అప్పగించి వెళ్లిపోతుంది. ప్రభుత్వం వాయిదాల మీద డబ్బు ఇస్తుంది. పుస్తకాల మాట తరువాత, ముందు టెండరు. టెండరు కాగితంలో యంత్రం వేగం ఎంత, తెర కొలత ఎంత, విద్యుత్తు పోతే ఏం చేయాలి అన్నీ ఉంటాయి. పిల్ల పదో తరగతి దాటేసరికి ఏం చేయగలగాలి అన్నది అంత స్పష్టంగా ఉండదు. ఉండదని ఊరికే అనడం లేదు. కొలవగలిగినదాన్నే టెండరులో రాయగలరు, యంత్రాన్ని కొలవడం తేలిక.

ఆ రోజుల్లో కోనసీమలో ఒక ఉన్నత పాఠశాలకు నాకు తరచు వెళ్లే పని ఉండేది. పేరు అనవసరం. గదిలో యంత్రాల మీద పసుపుపచ్చ గుడ్డలు కప్పి ఉండేవి, తలుపుకు తాళం. బోధకుడు ఇరవై నాలుగేళ్ల కుర్రవాడు, అమలాపురం నుంచి సైకిలు మీద వచ్చేవాడు, జీతం నెలలు గడిచినా చేతికందేది కాదు. అతను చెప్పేది ఏమిటంటే బొమ్మలు వేసే పెయింటు, ఉత్తరం టైపు చేసే వర్డు, పట్టికలు గీసే ఎక్సెలు. ఒక యంత్రానికి నలుగురైదుగురు పిల్లలు. మౌసు పట్టుకున్నవాడు నేర్చుకునేవాడు, తక్కినవారు చూసేవారు. పట్టుకున్నవాడు దాదాపు ఎప్పుడూ మగపిల్లవాడు. ఆడపిల్లలు వెనక నిలబడి జడ చివర వేలికి చుట్టుకుంటూ తెర వంక చూసేవారు. 1823 నాటి ఆ 37 అంకె గుర్తుకొచ్చేది. ఆ కుర్రవాడి తప్పు ఇందులో ఏమీ లేదు, అతనికి ఇచ్చిన పుస్తకమే అది.

పరీక్ష లేదు. పదో తరగతి పబ్లిక్ పరీక్షల్లో కంప్యూటరుకు పేపరు లేదు కనుక ఫిబ్రవరి వచ్చేసరికి ఆ పీరియడు లెక్కలకో సైన్సుకో పోయేది. తరువాత నిరంతర మూల్యాంకన విధానం వచ్చినప్పుడు సహపాఠ్య విషయాల పట్టికలో పని, కంప్యూటరు విద్య అని ఒకే గడిలో రెండింటినీ చేర్చారు. ఇది చూసి నేను చాలాసేపు ఆలోచించాను. గాంధీగారి నయీ తాలీం నుంచి వచ్చిన చేతిపని పీరియడు, తకిలీ మీద నూలు వడికిన పీరియడు, దాని పక్కన కంప్యూటరు. పెట్టినవారు ఏ ఉద్దేశంతో పెట్టారో గానీ, లోతుగా చూస్తే ఇది తెలివైన జత. రెండూ చేసి నేర్చుకునేవే. అయితే తకిలీ పీరియడు చివరి రోజుల్లో ఎలా నామమాత్రంగా మిగిలిందో ఇదీ అలాగే మిగిలింది.

2013లో అయిదేళ్ల ఒప్పందం ముగిసింది. కంపెనీలు వెళ్లిపోయాయి, బోధకుల ఉద్యోగాలు పోయాయి, పాతబడిన యంత్రాలు బడులకు మిగిలాయి. బడిలో పాతుకుపోయిన లెక్కల పంతులుకో సైన్సు పంతులుకో ఆ అయిదేళ్లలో ఆ విద్య నేర్పి ఉంటే గది తాళం తీసేవాడు ఒకడుండేవాడు. బొమ్మూరులోనూ దూబచర్లలోనూ జిల్లా ఉపాధ్యాయ శిక్షణ సంస్థలున్నాయి, రాజమండ్రిలో పంతొమ్మిదో శతాబ్దం నాటి ట్రైనింగు కాలేజీ ఉంది. కంపెనీ మనిషి వస్తాడు, చెబుతాడు, పోతాడు అన్నది పథకం రూపంలోనే ఉంది కనుక వీటికి అందులో పెద్ద పాత్ర పడలేదు.

ఇదే కాలంలో కేరళలో జరిగినది పోల్చి చూడాలి. 2001లో అక్కడ ఐటీ ఎట్ స్కూల్ అనే కార్యక్రమం మొదలైంది. తొలి పాఠ్యక్రమం ఒక పెద్ద కంపెనీ సాఫ్ట్‌వేరు చుట్టూ అల్లబడిందని ఉపాధ్యాయ సంఘాలు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కార్యకర్తలు గొడవ చేశారు. మన వాడుకభాష గొడవకు ఏమాత్రం తీసిపోని గొడవ. చివరికి బడులన్నీ లినక్సుకు మారాయి, పాఠ్యపుస్తకాలు మారాయి, అప్పటికే బడిలో ఉన్న ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చారు, పదో తరగతిలో ఆ విషయానికి పరీక్ష పెట్టారు. అక్కడ అంతా గొప్పగా ఉందని చెప్పను. ఏం నేర్పాలన్నది పంతుళ్లు వీధిన పడి పోట్లాడదగిన విషయమని వాళ్లు అనుకున్నారు, మనం అనుకోలేదు. తెలుగులో లినక్సు తెచ్చిన స్వేచ్ఛ వంటి సంస్థలు 2005 నుంచి పనిచేస్తున్నాయి. వారి కృషి జిల్లా పరిషత్తు బడి గుమ్మం దాటలేకపోయింది.

చిన్న పిల్లల కోసం అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ వారు ఈ శతాబ్దం మొదట్లో తెలుగుతో సహా అనేక భాషల్లో కథల రూపంలో సీడీలు చేశారు. సదుద్దేశంతో, శ్రద్ధతో చేసిన పని. ఆ సంస్థను నడిపినవారిలో ఒకరైన అనురాగ్ బెహర్ 2010లో బడిలో సాంకేతికతకు ఉన్న హద్దుల గురించి, తమ అనుభవం మీదనే ఆధారపడి, నిర్మొహమాటంగా రాశారు. పెట్టెలు అమ్మేవారెవరూ ఇలా రాయరు. అందుకే ఆ వ్యాసం మీద నాకు గౌరవం.

బీబీసీ మైక్రోను మనకిచ్చిన ఇంగ్లండు కూడా మధ్యలో దారి తప్పింది. అక్కడి బడుల్లోనూ కంప్యూటరు పాఠం ఉత్తరాలు టైపు చేయడంగా, తెర మీద బొమ్మలు చూపించడంగా కుదించుకుపోయింది. 2012 జనవరిలో రాయల్ సొసైటీ గట్టిగా విమర్శిస్తూ నివేదిక ఇచ్చింది. 2014 సెప్టెంబరు నుంచి పాఠ్యక్రమమే మార్చి, అయిదేళ్ల పిల్లల నుంచి క్రమణిక అంటే ఏమిటో, ఒక పనిని చిన్న చిన్న మెట్లుగా ఎలా విడగొట్టాలో నేర్పడం మొదలుపెట్టారు. మన దేశంలోనూ 2013లో ఎన్‌సీఈఆర్‌టీ ఒక పాఠ్యక్రమం తయారుచేసింది. బొంబాయి ఐఐటీ వారి కంప్యూటర్ మస్తీ పుస్తకాలు అంతకు ముందే వచ్చాయి, ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. 2020 విద్యావిధానం ఆరో తరగతి నుంచి కోడింగు అంది. పెద్దాపురంలోనూ పెదవేగిలోనూ నవోదయ విద్యాలయాల్లో పదకొండో తరగతి పిల్లలు సీబీఎస్‌ఈ పుస్తకంలో పైథాన్ చదువుతారు. ఎంపిక చేసుకోవడానికి సరుకు లేదనే మాట ఇక చెల్లదు.

2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం బైజూస్ కంపెనీతో ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరు 21 నుంచి ప్రభుత్వ బడుల్లో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచారు. పిల్లలు, ఉపాధ్యాయులు కలిపి అయిదు లక్షల పైచిలుకు. అదే ఏడు ఏప్రిల్‌లో మన రెండు గోదావరి జిల్లాలు అయిదు జిల్లాలయ్యాయి. పాఠాలు మాత్రం అయిదింటికీ ఒకటే, ముందే నింపి వచ్చినవి. లెక్కలూ సైన్సూ వీడియోలు. వాటిలో మంచివి ఉన్నాయి, నేను చూశాను. పిల్లలు ఇంటికి తీసుకుపోయారు, తాళం వేసిన గది కంటే అది మెరుగు. అయితే యంత్రాన్ని వాడి లెక్కలు చూడటం ఒకటి, యంత్రానికి లెక్క చెప్పడం మరొకటి. రెండోదాని ఊసు అందులో లేదు. కంపెనీ తరువాత కష్టాల్లో పడింది, 2024 జూలైలో దివాలా విచారణకు వెళ్లింది. ఆ చప్పుడులో ట్యాబు మంచిదా చెడ్డదా, ఏ పార్టీ ఇచ్చింది అన్న వాదనలే వినబడ్డాయి. ట్యాబును ఇంట్లో ముసలివాళ్లు పలక అనే అన్నారు. పలక మీద ఏం రాయిస్తున్నారని ఎవరూ అడగలేదు.

నన్నడిగితే, జిల్లాలో అయిదారుగురు లెక్కల పంతుళ్లను, ఒకరిద్దరు తెలుగు పంతుళ్లను, జేఎన్‌టీయూ కాకినాడ నుంచో భీమవరం ఇంజనీరింగు కళాశాల నుంచో ఒకరిని కూర్చోబెట్టి ముందు పాఠాల పట్టీ రాయించమంటాను. యంత్రం ఏదన్నది ఆ తరువాత. చాలా పాఠాలకు యంత్రమే అక్కరలేదు. దాళ్వాలో నీరు చాలనప్పుడు కాలవకు వంతులవారీగా నీరు వదులుతారు. ఒకే ప్రాసెసరును పది పనులకు పంచే పద్ధతి సరిగ్గా అదే. వంతు ఎంతసేపు ఉండాలి, చివరి భూములకు నీరందకపోతే వరసను ఎలా మార్చాలి అని అడిగితే డెల్టా రైతు బిడ్డ పుస్తకం రాసినవాడికి పాఠం చెబుతాడు. నరసాపురం చుట్టుపక్కల ఊళ్లలో ఆడవాళ్లు కొక్కెం సూదితో లేసు అల్లుతారు. ఒక గొలుసు, మూడు కుట్లు, మళ్లీ గొలుసు, ఇలా పన్నెండుసార్లు, ఆపైన తిప్పు. అది క్రమణిక కాక మరేమిటి? ఇన్నిసార్లు చేయి, ఇది వచ్చేదాకా చేయి అన్న రెండు ఆజ్ఞలూ ఆ వేళ్లలో ఉన్నాయి. మౌసు అందక వెనక నిలబడిన ఆ ఆడపిల్లల ఇళ్లలోనే ఆ విద్య ఉంది.

ముగ్గు సంగతి మరీ విచిత్రం. 1970లలో మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో గిఫ్ట్ సిరోమనీ, రాణి సిరోమనీ దంపతులు, కమలా కృతివాసన్ కలిసి తమిళ వాకిళ్లలోని చుక్కల ముగ్గులను పరిశీలించి, వాటిని పుట్టించే వ్యాకరణాలను సిద్ధాంతీకరించారు. 1974లో అచ్చయిన వారి పరిశోధన కంప్యూటరు శాస్త్రంలో ఒక శాఖకు ఊతమిచ్చింది. అమెరికాలో సీమూర్ పేపర్ట్ పిల్లల చేత లోగో భాషలో తాబేలును నడిపించి బొమ్మలు గీయించిన కాలమూ దాదాపు అదే. సంక్రాంతి నెలలో ధనుర్మాసం ముగ్గులు చూడని బడిపిల్ల గోదావరి జిల్లాల్లో ఉండదు. ఇన్ని చుక్కలకు ఎన్ని గీతలు, ఒక్క గీతలో ముగ్గు పూర్తవుతుందా, అయిదు చుక్కల ముగ్గును తొమ్మిదికి పెంచాలంటే ఏం చేయాలి అని ఆరో తరగతిలో అడగవచ్చు. సుద్దముక్కా నేలా చాలు. యంత్రం తలుపు తెరిచిన రోజున అదే ముగ్గును తెర మీద వేయించవచ్చు. మల్లన చదరంగపు బల్ల ఏడో తరగతికి సరిపోతుంది, భూతసంఖ్యలు విప్పే భాగం తెలుగు పంతులు గారిది.

ఇటువంటి పుస్తకం రాయడానికి ఎంతమంది ముందుకు వస్తారో తెలియదు గానీ, రాసినవారిని తప్పులెన్నడానికి మాత్రం ముందుగా రాజమండ్రివారే వస్తారు. రావాలి కూడా. ఆ గొడవ మళ్లీ ఒకసారి చూడాలని నాకు ఆశగా ఉంది.